తలవాకిటి పుట



పోర్టలు అను మాట వినని పెద్దమనిషి మన కరీంనగరు, ఆదిలాబాదు పల్లెలలో నేడు లేడు. 2020 అక్టోబరు 29వ తేదీన ధరణి వచ్చినది మొదలు, పట్టా పాసుపుస్తకము గల ప్రతివాని నోట ఆ మాట నానుచున్నది. 2025 ఏప్రిలులో ధరణి పోయి భూభారతి వచ్చినను, మాట మాత్రము నిలిచియే యున్నది. అందుచేత పోర్టలనగా భూముల లెక్క చూపెడి సర్కారు యంత్రమని పలువురు భావించుచున్నారు. దాని యసలర్థము అంతకంటె సామాన్యమైనది. లాటిను భాషలో పోర్టా యనగా ద్వారము. ఊరికి గవని యెట్టిదో, ఇంటర్నెట్టునకు పోర్టలట్టిది. లోనికి పోవువాని కంటబడు మొదటి పుట అది.

నేను చెప్పదలచినది సర్కారు పోర్టళ్లను గూర్చి కాదు; మన యిండ్లకు ఇంటర్నెట్టు నిచ్చు కంపెనీలను గూర్చి. ఈ కంపెనీలు తీగ వేసి, నెలకింత యని రుసుము పుచ్చుకొని, యూరకొనవచ్చును గదా. అట్లు చేయక, తమ పేర నొక మొదటి పుటను సిద్ధపరచి, దానిపై వార్తలు, వాతావరణము, ఉత్తరముల పెట్టె మొదలగువాని నుంచి, "ఇందులో మీకు వలసినవి యుంచుకొనుడు, వలదన్నవి తీసివేయుడు, మీ యిష్టమువచ్చినట్లు పేర్చుకొనుడు" అని చెప్పుట యేల? బిజిలీ సంస్థ కరెంటు నిచ్చును గాని, దీపము నేమూల వ్రేలాడదీయవలెనో చెప్పదు. నల్లా నీరిచ్చువారు మన వంటయింటి బిందెల వరుసను విచారింపరు. ఇంటర్నెట్టు కంపెనీకి మాత్రము మన మొదటి పుటపై నింత శ్రద్ధ యెందుకు పుట్టినది?

మొదట ఆ పుట యెట్టిదో చూతము. నాలుగు ఇండ్లను మనసులో నుంచుకొనుడు. జమ్మికుంట చేరువను పత్తి పండించు రైతు ఒకడు. అతడు తన పుటపై పైన పత్తి ధరను, దాని క్రింద వాన రాకడను పెట్టుకొనును. జగిత్యాల ప్రక్కన పసుపు వేయువాడు మరియొకడు. కొడుకు దుబాయిలో నున్నాడు. అతని పుటపై నిజామాబాదు పసుపు ధర యొక ప్రక్కను, దిర్హాము మారకపు విలువ యొక ప్రక్కను, కుమారుని ఉత్తరములు నడుమను ఉండును. సిరిసిల్లలో మరమగ్గముల యజమానికి నూలు ధర కావలెను. బెల్లంపల్లిలో గని పని మాని విశ్రాంతి గొన్న వృద్ధునికి ధరలతో పనిలేదు. పెన్షను సంగతులు, రామదాసు కీర్తనలు, మనుమని బడి సెలవులు చాలును. నలుగురును ఒకే కంపెనీ తీగపై నున్నారు. నలుగురి పుటల మీదను ఒకే కంపెనీ పేరున్నది. కాని యే రెండు పుటలును ఒక పోలికను లేవు.

రేడియోకును దీనికిని గల భేదము ఇచ్చటనే యున్నది. నేనిప్పుడు మాటాడుచున్నది ఉట్నూరులో వినువారికిని, హుజూరాబాదులో వినువారికిని ఒక్కటే. నచ్చనివాడు మీట త్రిప్పుటకంటె చేయగలిగినది లేదు. మీట త్రిప్పెనని నాకు తెలియనుగూడ తెలియదు. ఆ కడపటి మాటను గుర్తుంచుకొనుడు; దానితో మరల పని గలదు.

ఇట్టి పుట ఉచితముగా నేల యిత్తురన్న ప్రశ్నకు మన యూళ్లలోనే సమాధానము దొరకును. రామగుండము ఎండలు తెలిసినవారికి చలివేంద్రము సంగతి చెప్పనక్కరలేదు. చైత్రము రాగానే బట్టల సావుకారు తన దుకాణపు పందిరి క్రింద నాలుగు కుండలు పెట్టించును. నీరు నిజముగా చల్లగానే యుండును. త్రాగినవాని దప్పి నిజముగానే తీరును. కాసు అడుగువాడు లేడు. కుండలపైన సావుకారు పేరు గల పలక యొకటి వ్రేలాడును. నీరు త్రాగి మూతి తుడుచుకొనువాని చూపు, ఎదుటనున్న చీరెలపై బడక యెక్కడ బడును? ఇందులో మోసమున్నదని నేననను. పుణ్యమును వ్యాపారమును ఒకే పందిరి క్రింద నుండరాదను నియమ మెచ్చటను లేదు. కాని కుండలు దుకాణము ముందరనే యేల వెలసినవి, ఊరి చివర చింతచెట్టు క్రింద నేల వెలయలేదు, అని యడిగినవాడు తెలివిగలవాడు.

అంగడి నాడు చూడుడు. లోనికి వచ్చు త్రోవలో మొదటి జాగాకును, వెనుక గోడ ప్రక్క జాగాకును ఒకే గిరాకి యుండునా? మొదటి చూపు పడు చోటునకు విలువ గలదని తైబజారు గుత్తదారునకు అనాదిగా తెలియును. ఇంటర్నెట్టులో ఆ మొదటి జాగా పేరే హోం పేజీ. కంప్యూటరు తెరచిన ప్రతిసారి అదే కనబడును. దినమునకు లక్షమంది తెరచిన లక్ష చూపులు దానిపై బడును. ప్రకటనలవారు వేయి చూపులకింత యని లెక్కగట్టి సొమ్మిత్తురు. తీగపై వచ్చు రుసుము ఒక రాబడి. గవని దగ్గర నిలబడి పుచ్చుకొను ఈ సొమ్ము రెండవ రాబడి.

మన దేశమున దీని చరిత్ర దీర్ఘమైనది కాదు. విదేశ్ సంచార్ నిగమ్ లిమిటెడ్ అను ప్రభుత్వ సంస్థ 1995 ఆగస్టు 15వ తేదీన ప్రజలకు ఇంటర్నెట్టు నిచ్చుట ప్రారంభించెను. మొదట మహానగరములకే. టెలిఫోను తీగకు మోడెము అను పెట్టె తగిలించి, నంబరు త్రిప్పి, అది కీచుకీచుమని కూసి కూసి కలిసినదాక వేచియుండవలెను. కలిసినంతసేపును ఇంటర్నెట్టు రుసుము వేరు, టెలిఫోను బిల్లు వేరు. ఒక్క పుట దిగుటకు నిమిషము పట్టిన దినములవి. అట్టి కాలమున వార్తకొక చోటికి, ఉత్తరమునకొక చోటికి, క్రికెట్టునకొక చోటికి పోవుట జేబునకు చిల్లు. అన్నియు నొక్క పుటపై దొరకిన వాడుకదారునకు నిజమైన మేలే కలిగినది. ఈ సంగతిని మరచి, పోర్టళ్లన్నియు వట్టి ప్రకటనల వలలే యనువారితో నేనేకీభవింపను.

కంపెనీకి మరియొక మేలుగూడ నుండెను. దీనిని సామాన్యముగా నెవరును చెప్పరు. అమెరికాలోని పుటను మన యింటికి దెచ్చుటకు సముద్రగర్భపు తీగపై కంపెనీ కిరాయి కట్టవలెను. ఆ కాలమున ఆ కిరాయి మిక్కిలి ప్రియము. దేశములోని రెండు కంపెనీల నడుమ పోవలసిన సమాచారముగూడ ఒక్కొక్కసారి అమెరికా పోయి తిరిగి వచ్చెడిది. కరీంనగరమునుండి వరంగల్లు పోదలచినవాడు బొంబాయి మీదుగా పోయినట్లు! దీనిని మాన్పుటకే 2003లో నిక్సి యను సంస్థ వెలసినది. స్వదేశపు కంపెనీలు స్వదేశముననే సమాచారము నిచ్చిపుచ్చుకొనుట దాని పని. అట్టి స్థితిలో జనులు ఎక్కువసేపు కంపెనీ సొంత పుటపైననే యున్నచో, ఆ పుట కంపెనీ సొంత యంత్రములలోనే యుండుటచేత, దూరపు కిరాయి మిగులును. గోదావరికి పోయి నీరు తెచ్చుటకంటె ఊరి చెరువులోని నీటినే వాడుకొనుడని బ్రతిమాలినట్లు. పోర్టలు కొంతమట్టుకు అట్టి చెరువు.

1998 నవంబరులో ప్రైవేటు కంపెనీలకు ఇంటర్నెట్టు వ్యాపారమున ప్రవేశము కలిగినది. ఆ నెలలోనే రంగమున దిగి మొదటి ప్రైవేటు సంస్థ యనిపించుకొన్నది సత్యం ఇన్ఫోవే. హైదరాబాదులోని సత్యం కంప్యూటర్సు వారి పిల్ల సంస్థ అది. ముఖ్య కార్యాలయము మద్రాసులో నుండెను. 1999 అక్టోబరులో అమెరికాలోని నాస్‌డాక్ షేర్ల బజారున దీని వాటాలు అమ్మకమునకు వచ్చినవి. మరుసటి నెల దీనివారు చేసిన పని దేశమునంతటిని నోరు వెళ్లబెట్టించినది. ఇండియావరల్డ్ అను పోర్టళ్ల సంస్థను 499 కోట్ల రూపాయలకు కొనుటకు ఒప్పుకొనిరి. ఆ ధరకు వచ్చినదేమి? గనులు కావు, మిల్లులు కావు. వార్తల పుట యొకటి, క్రికెట్టు పుట యొకటి, వంటల పుట యొకటి, వెదకుటకొక పుట, ఇట్టివి కొన్ని. సమాచార్, ఖేల్, బావర్చి, ఖోజ్ అని వాని పేర్లు. తీగలమ్ముకొనువానికి వంటల పుట యెందుకని ఆనాడు నవ్వినవారు లేకపోలేదు. నేను నవ్వను. తీగ ఎవని తీగయైనను ఒకటే. నేడు వీరిది చౌకయైన వీరిది, రేపు వారిది చౌకయైన వారిది. జనులను కట్టియుంచునది తీగ కాదు, తీగ చివర దొరకు వస్తువని ఆ కంపెనీ పెద్దలు గ్రహించిరి. ధర సంగతి వేరు. 2000 మార్చి తరువాత ఆ వ్యాపారముల షేర్లు కుప్పగూలినపుడు అట్టి ధరలన్నియు గాలిమేడలని తేలినది. ఆ సంస్థ సిఫీ యను పేర తరువాతను నిలిచినది. సత్యంవారు 2005లో అందులోని తమ వాటా నమ్మివేసిరి.

అమెరికాలో ఈ పిచ్చి యింకను పెద్దది. ఎట్ హోం అను కంపెనీ టెలివిజను కేబులు తీగలపై ఇంటర్నెట్టు నిచ్చెడిది. 1999లో అది ఎక్సైట్ అను పోర్టలును 670 కోట్ల డాలర్లకు కొనుట కొడంబడెను. ఎవని పుటను వాడు పేర్చుకొనుట కనుకూలించు పోర్టళ్లలో ఎక్సైట్ పేరుపడినది. 2001 ముగియకముందే ఆ జోడు కంపెనీ దివాలా తీసెను. ఆ మీదట జరిగినదానిని కొంచెము సేపటిలో చెప్పెదను.

అమర్చుకొను సౌకర్యము నేల యిత్తురన్నదే నాకు మిక్కిలి రుచించిన భాగము. ప్రకటనల కొరకే యైనచో అందరికి నొకే పుట చాలును. దానిని పేర్చుకొనుమని జనులను బ్రతిమాలనేల? 1996లో యాహూ కంపెనీ "నా యాహూ" అను పుటను వెలువరించినపుడు ఈ రహస్యము బయటపడినది. కిరాయి యింటిలో నున్నవాడు ఇల్లు మారుటకు వెనుకాడడు. కాని ఆ కిరాయి యింటి ముందర మల్లెపాదు పెట్టి, గోడకు తన చేత సున్నము వేసి, గూటిలో దేవుని పటము నిలిపినవాడు, యజమాని కిరాయి పదిరూపాయలు పెంచినను గొణిగికొని యుండిపోవును. పుట పేర్చుకొనుటయు నట్టిదే. పత్తి ధర పైనను, వాన సంగతి క్రిందను పెట్టుకొనుటకు మన రైతు ఒక సాయంకాలము కష్టపడినాడు. వేరు కంపెనీకి పోయిన ఆ సాయంకాలము వ్యర్థము, మరల మొదటినుండి. ఈ చిన్న బద్ధకమే కంపెనీకి పెద్ద మూలధనము. వేయి ప్రకటనలు చేయలేని పని ఇదొక్కటి చేయును.

మరియొకటి, దీనికంటెను లోతైనది. నచ్చనివాడు మీట త్రిప్పెనని రేడియోలో మాటాడువానికి తెలియదని యంటిని. పుట పేర్చుకొన్నవాని సంగతి కంపెనీకి తెలియును. వాన రాకడ చూపుటకు ఊరి పిన్‌కోడు అడిగిరి, ఇచ్చితిమి. ధరల పట్టికలో పత్తిని ఏరుకొంటిమి; వీడు పత్తి రైతని తెలిసినది. దిర్హాము విలువను పెట్టుకొంటిమి; ఇంటినుండి యొకడు గల్ఫు పోయినాడని తెలిసినది. మోకాళ్ల నొప్పులను గూర్చిన వ్యాసములు వరుసగా చదివితిమి, వయస్సు తెలిసినది. ఊరిలో ఒకని గూర్చి ఇంత వివరము వియ్యాలవారికిని, అప్పిచ్చిన సేఠుకును తప్ప నెవరికి తెలియును? ఒకరు గుచ్చి యడిగిన మనము చెప్పువారము కాము. మన సౌకర్యము కొరకు మనమే పేర్చి యిచ్చితిమి. పత్తి రైతుల కంటనే పడునట్టి పత్తి విత్తనముల ప్రకటనకు, అందరి కంట బడు ప్రకటన కంటె ఎక్కువ ధర పలుకును. అందుచేత అమర్చుకొనుట మన సుఖము, ఏరుకొన్న జాబితా వారి సరకు. రెండును నిజమే.

2023లో మన పార్లమెంటు వ్యక్తుల సమాచార రక్షణకొక చట్టము చేసినది. కంపెనీ మన సమాచారము వాడుకొనుటకు అనుమతి కోరునపుడు, ఆ కోరు పత్రమును ఇంగ్లీషునగాని, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో దేనియందుగాని చదువుకొను వీలు కల్పింపవలెనని అందులో నున్నది. ఆ 22లో తెలుగుగలదు. సామాన్యముగా మన పిల్లలు ఆ పత్రము చూడకయే "సరే" అను మీట నొక్కి యిత్తురు. తెలుగులో చూపుమని అడిగి చదువుకొను వీలును ఆ చట్టములో వ్రాసియుంచిరని వారికి తెలుపుట మంచిది.

కంపెనీలకు మరి కొన్ని చిల్లర ప్రయోజనములుగూడ గలవు. బిల్లెంత, ఎంత వాడితిమి, రహస్యపు మాట మరచిన నేమి చేయవలెను, అను సంగతులను ఆ పుటపైననే యుంచినచో, జనులు ఫోను చేసి అడుగుట తగ్గును. జవాబు చెప్పు మనుష్యుల జీతము మిగులును. పుటను తామే వ్రాయవలసిన పనియు లేదు. అమెరికాలో ఎస్‌బీసీ యను టెలిఫోను కంపెనీ 2002లోను, ఇంగ్లాండులో బ్రిటిషు టెలికాం 2003లోను యాహూతో పొత్తు కలిపి, ఇద్దరి పేర్లను జోడించిన పుటలను తమ వాడుకదారుల కిచ్చిరి. ఒకనికి తీగలు తెలియును, మరియొకనికి పుటలు తెలియును. పొలమొకనిది, ఎడ్లొకనివి.

ఇక నేను కొంచెము సేపటిలో చెప్పెదనన్న సంగతి. పోర్టలుతోపాటు కంపెనీ ఉచితముగా నిచ్చు వస్తువులలో మిక్కిలి జిగురైనది ఉత్తరముల చిరునామా, అనగా ఈమెయిలు. దానిలో మన పేరు ముందును, కంపెనీ పేరు వెనుకను ఉండును. ఇంటిపేరు వలె అది మన కంటుకొనును. ఎట్ హోం దివాలా తీసినపుడు, 2001 డిసెంబరు మొదటి దినములలో, ఏటీ అండ్ టీ కంపెనీ తన వాడుకదారులు సుమారు 8 లక్షల 50 వేల మందిని తొందర తొందరగా తన సొంత తీగలపైకి మార్చుకొనవలసి వచ్చెను. వారి చిరునామాలు మారినవి. 2002లో ఆ వ్యాపారమును కాంకాస్ట్ కొన్నది. చిరునామాలు మరల మారినవి. ఒక్క తీగ కదలకుండగనే, కూర్చున్నచోట కూర్చుండియే జనులకు మూడు ఊళ్లు మారినట్లైనది.

దూరదేశపు సంగతియని త్రోసివేయకుడు. నా యెరుకలో విశ్రాంతి గొన్న ఉపాధ్యాయుడొకరు గలరు. పేరు, ఊరు, కంపెనీ చెప్పను. ఆయనకు కంపెనీ యిచ్చిన చిరునామా యొకటి పది సంవత్సరములు ఉండెను. పెన్షను కాగితములపై అదే, బ్యాంకులో అదే, మస్కటులోని కుమారుని దగ్గర అదే. నెలకు వందరూపాయలు తక్కువ యని వేరు కంపెనీకి మారిరి. మూడు మాసములలో పాత చిరునామా మూతపడినది. బ్యాంకువారు రహస్యపు మాటను పంపునది ఆ పాత పెట్టెకే! దానిని మార్పించుటకు పాత పెట్టెలోనికి వచ్చిన అంకెను చెప్పుమందురు. తాళపుచెవి పెట్టెలో నుంచి పెట్టెకు తాళము వేసినట్లున్నదని ఆయన నాతో ననిరి. ఆ చిక్కు విడుటకు ఎనిమిది మాసములు పట్టినది. అందుచేత కంపెనీ పుటను హాయిగా వాడుకొనుడని చెప్పుదును గాని, కంపెనీ చిరునామాను బ్యాంకులోను పెన్షను కచేరీలోను వ్రాయించవలదని నా సలహా. ఏ తీగకును సంబంధింపని చిరునామాలు ఉచితముగా దొరకుచున్నవి.

తెలుగు సంగతి రెండు మాటలు. ఆ తొలి పోర్టళ్లలో పెక్కింటికి మన అక్షరములు రావు. తెలుగు పుటలు పెట్టినవారును ఎవరి అక్షరముల అచ్చు వారిదిగా నడిపిరి. ఒకరి పుటకు దింపుకొన్న అచ్చు మరియొకరి పుటకు పనికిరాదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి యను తెలుగు అచ్చు చేరినది. యూనికోడు పద్ధతి వ్యాపించిన కొలది ఆ గొడవ తగ్గినది. నేడు తెలుగు చూపలేని మొదటి పుట ఎవరైన నిచ్చినచో దానికి సాంకేతిక కారణము లేదు, సోమరితనమే కారణము.

2010 తరువాత పెద్ద కంప్యూటరుపై తెరచు హోం పేజీల వైభవము తగ్గినది. గూగులు కంపెనీ 2005లో మొదలుపెట్టిన పేర్చుకొను పుటను 2013 నవంబరు 1వ తేదీన మూసివేసినది. 2016 సెప్టెంబరులో జియో వచ్చినది మొదలు మన పల్లెలలో ఇంటర్నెట్టనగా అరచేతిలోని ఫోనే. అయినను గవని పోలేదు, చోటు మారినది. ఫోను కొన్నపుడే అందులో నుండు బొమ్మల వరుస యొక గవని. టెలివిజను క్రింది పెట్టె వెలిగించినపుడు తెరపై మొదట వచ్చు వరుస మరియొక గవని. ఇల్లు కట్టినవాడు తలుపే దిక్కున పెట్టెనో ఆ దిక్కుననే మనము నలుబది యేండ్లు నడుతుము. మొదట నున్న అమరికను మార్చుకొనువారు ఎచ్చటనైనను కొందరే. అందుచేత మొదటి వరుసకు నేటికిని ధర యున్నది.

గవని గవనిగా నుండక ఊరే తానని చెప్పుకొన్న యుదంతము గూడ మన రాష్ట్రముననే జరిగినది. 2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ కంపెనీ, రిలయన్స్ కమ్యూనికేషన్సు వారితో కలిసి, ఇంటర్నెట్.ఆర్గ్ అను పథకమును ఆరు రాష్ట్రములలో ప్రారంభించినది. ఆ యారింటిలో తెలంగాణయు, ఆంధ్రప్రదేశమును ఉండెను. భాషలలో తెలుగు ఉండెను. తరువాత దాని పేరును ఫ్రీ బేసిక్స్ అని మార్చిరి. ఆ కంపెనీ ఫోను గలవాడు ఆ పుటను తెరచిన రుసుము లేదు. అందులో చేర్చిన కొన్ని పుటలు ఉచితము. ఆ హద్దు దాటి అడుగు వేసిన డబ్బు. కానీ లేనివానికి కొంచెమైనను దొరకుట మంచిది గదా యని దానిని సమర్థించినవారు చెప్పిరి. ఆ మాటలో బలము లేకపోలేదు. కాని ఇచ్చట వాడుకదారు పేర్చుకొనునది లేదు. ఏ దుకాణము లోపల నుండవలెనో, ఏది వెలుపల నుండవలెనో గవని కాపరియే నిర్ణయించును. జమ్మికుంట పిల్లవాడొకడు రేపు పత్తి ధరలకొక మంచి పుట తయారుచేసినచో, అది హద్దు వెలుపలిది. దానిని చూచుటకు డబ్బు. లోపలి పుట యెంత చెడ్డదైనను ఉచితము. ఇక వెలుపలివాడు బ్రతుకుటెట్లు? దేశమంతట లక్షలకొలది జనులు టెలికాం నియంత్రణ సంస్థకు ఉత్తరములు వ్రాసిరి. 2016 ఫిబ్రవరి 8వ తేదీన ఆ సంస్థ, పుటను బట్టి రుసుము మార్చరాదని నియమము చేసినది. ఫ్రీ బేసిక్స్ మన దేశమునుండి వెడలిపోయినది.

చలివేంద్రము ముందర నీరు త్రాగి ఎటు పోదలచిన నటు పోవచ్చును. ఇది అట్లు కాదు. నీరు త్రాగినవాడు ఆ దుకాణముననే కొనవలెనని త్రోవకు కంప వేసినట్లు. పేర్చుకొనుట కనుకూలించు మొదటి పుటను, అందు ప్రకటనలున్నను, నేను న్యాయమైన వ్యాపారమనుట యిందుకే. దానిలో తీసివేయు హక్కు మనది, వెలుపలికి పోవు త్రోవ మనది.

ఈ వ్యవహారమంతయు మనకు మరల ఎదురగుచున్నది. మిషన్ భగీరథ నీటి గొట్టములతోపాటు నేలలో దారి చేసి, తెలంగాణ ప్రభుత్వమువారు టి-ఫైబర్ అను పేర ఇంటర్నెట్టు తీగను పల్లెలకు వేయించుచున్నారు. 2024 డిసెంబరు 8వ తేదీన ప్రయోగముగా కొన్ని గ్రామములలో దానిని ప్రారంభించిరి. అందొకటి పూర్వపు కరీంనగరు జిల్లాలోనిది. నేటి పెద్దపల్లి జిల్లాలో మంథని ప్రాంతపు అడవి శ్రీరాంపూరు. టెలివిజనునే కంప్యూటరుగా వాడుకొనుట ఆ పథకములో నొక భాగము. అనగా పెట్టె వెలిగించిన వెంటనే ఇంటిల్లిపాది కంటను పడు మొదటి తెర యొకటి యుండితీరును. ఇచ్చట గవని ప్రైవేటు కంపెనీది కాదు, సర్కారుది. సర్కారైనంతమాత్రాన మొదటి వరుస సంగతి విచారింపనక్కరలేదని నేననుకొనను. ఆ వరుసలో పిల్లల పాఠములుండునా, మార్కెట్టు ధరలుండునా, సినిమాలుండునా? ఊట్నూరు, జైనూరు ప్రాంతములకు ఆ తీగ చేరిననాడు గోండి, కొలామి మాటలకు అందులో చోటుండునా? జిల్లా పేరు ఎన్నుకొనుమన్నపుడు, 2016 అక్టోబరు 11వ తేదీన ఏర్పడిన కొత్త జిల్లాలు అందులో నుండునా, లేక మంచిర్యాలవాడు ఇంకను ఆదిలాబాదు వాననే చూడవలసి వచ్చునా? ఇవి కచ్చీరు దగ్గర కూర్చుండి పెద్దలు అడుగదగిన ప్రశ్నలు.

పెట్టె బిగించుటకు మీ యింటికి ఒక పిల్లవాడు వచ్చును. తొందరలో నుండును, పది యిండ్లు ముగించుకొని పోవలసినవాడు. వానికి చల్లని మజ్జిగ యిచ్చి కూర్చుండబెట్టి, "నాయనా, ఈ మొదటి వరుసను మార్చుకొను మీట యెక్కడ నున్నది? తెలుగు ఎక్కడ నున్నది? మేమేమి చూచితిమో వ్రాసికొనుటను ఆపు మీట యెక్కడ నున్నది?" అని యడుగుడు. చూపించినదాక పోనీయకుడు.